మోటారు బీమాలో బోనసు పుట్టుపూర్వోత్తరములు

అమెరికాలోని రాష్ట్రములు 1911 మొదలుకొని ఒకదాని వెనుక నొకటిగా కార్మిక నష్టపరిహార చట్టములను తెచ్చినప్పుడు, పనిలో కూలివాని వ్రేలు తెగినను ప్రాణమే పోయినను పరిహార మిచ్చు భారము యజమాని నెత్తిన పడెను. ఆ భారమును ఆతడు బీమా కంపెనీకి అప్పగించెను. కంపెనీలు తొలుత పరిశ్రమను బట్టి రేటు కట్టినవి: కోతమిల్లుల కన్నిటికి నొకటి, నేతమిల్లుల కన్నిటికి మరియొకటి. యంత్రముల చుట్టు కటకటాలు కట్టించి పనివారిని కంటికి రెప్పవలె కాచుకొనిన యజమానియు, ఆ ఖర్చునకు వెనుదీసిన యజమానియు ఒకే రేటు చెల్లింపవలసి వచ్చుట అన్యాయమని మొదటివాడు మొరపెట్టుకొనుట సహజమే. అయినను కంపెనీవారి సందేహమును త్రోసివేయరానిదే. పదిమంది పనిచేయు చిన్న మిల్లులో ఒక యేడాది ప్రమాదము జరుగకపోయినచో, అది యజమాని జాగ్రత్త వలననో కేవలము అదృష్టము వలననో తేల్చి చెప్పగలవా రెవరు?

ఈ చిక్కును విప్పుటకు బీమా గణితజ్ఞులలో 1914లో ఆల్బర్ట్ మౌబ్రే పూనుకొనగా, 1918లో ఆల్బర్ట్ విట్నీ స్పష్టమైన సూత్రమునే చూపెను. సొంత అనుభవమునకు కొంత విలువ, తానున్న వర్గపు అనుభవమునకు కొంత విలువ ఇచ్చి రెంటిని కలుపవలె ననియు, సంస్థ పెద్దదగుకొలది సొంత అనుభవపు పాలు పెరుగవలె ననియు దాని సారము. ఒక మనిషి గతము ఎంతవరకు సాక్ష్యము పలుకునో అంతవరకే దానిని నమ్మవలెనను ఈ నియమము గణితమే కాదు, ధర్మము కూడ. 1967లో స్విట్జర్లండు పండితుడు హాన్స్ బ్యూల్‌మన్ దీనికి మరింత దృఢమైన పునాది వేసెను.

కారు యజమాని విషయమున ఈ చిక్కు ఇంకను గట్టిది. బండి ఒకటి, తోలువా డొకడు. పెక్కుమందికి ఏడాది పొడవున ఏ ప్రమాదమును జరుగదు. కనుక ఒక్క యేటి మౌనము చెప్పునది స్వల్పము. పలుయేండ్ల మౌనము కొంత చెప్పును. క్లెయిము లేని యేండ్లకు ప్రీమియంలో ఇచ్చు తగ్గింపే బోనసు; అది మెట్టుమెట్టుగా పెరుగుట ఇందువలననే తగియున్నది. ఫ్రాన్సులో క్లెయిము లేని ప్రతియేడు ప్రీమియం నూటికి 5 వంతున తగ్గుచు సగము వరకు దిగును. తన తప్పువలన ప్రమాదమైనచో నూటికి 25 పెరుగును. తప్పు ఎదుటివానిదైనచో ఏమియు పెరుగదు.

మన దేశపు నిచ్చెన వేరు. బండికి కలుగు సొంత నష్టపు ప్రీమియంపై క్లెయిము లేని మొదటి యేటికి నూటికి 20, పిదప వరుసగా 25, 35, 45, అయిదవ యేటికి 50 తగ్గింపు లభించును. 1973లో సాధారణ బీమా జాతీయమైన తరువాత మోటారు బీమా రేట్లన్నియు టారిఫ్ సలహాసంఘము కట్టుబాటులోనే సాగెను. 2007 జనవరి 1న సొంత నష్టపు రేట్లపై ఆ కట్టు సడలినను, నిచ్చెన మాత్రము నిలిచియే యున్నది. తప్పు ఎవరిదైనను, సొంత నష్టపు క్లెయిము ఒక్కటి చేసినచో సాధారణముగా అయిదేండ్ల బోనసు సున్నకు దిగును. 10,000 రూపాయల ప్రీమియంకు 5,000 కట్టుచున్నవాడు క్లెయిము చేసిన మరుసటి యేడు 10,000, ఆపై వరుసగా 8,000, 7,500, 6,500, 5,500 కట్టి గాని మరల తన మెట్టు ఎక్కజాలడు. ఇతర లెక్కలు మారకున్నచో మొత్తము 12,500 అధికము. బంపరు సొట్టకు 4,000 అగునని చెప్పుచు, "బోనసు పోతుందండీ, చేతి డబ్బుతో చేయించుకోండి" అని షెడ్డు మేస్త్రి ఇచ్చు సలహా ఈ లెక్కకు సరిపోవుచున్నది. ఈ పద్ధతి కొలుచునది మన నడుపు తీరును కాదు, మన క్లెయిములను మాత్రమే. విట్నీ కోరిన తూకము ఇందు లేదని నా నిశ్చితాభిప్రాయము. ఎదుటివాని తప్పునకు మన బోనసు కోయుటను మాన్పించు బాధ్యత హైదరాబాదులోనే కొలువున్న బీమా నియంత్రణ సంస్థపై నున్నది.

అంతవరకు పాఠకులు తమ హక్కును కాపాడుకొనవలెను. బోనసు బండి యజమానిది. బండి అమ్మినను, కంపెనీ మార్చినను అది మీ వెంటనే వచ్చును. గడువు తీరిన 90 దినములలోగా పాలసీని పునరుద్ధరించుకొనుడు. బండి అమ్మునాడు బోనసు ధ్రువపత్రము అడిగి పుచ్చుకొనుడు, అది మూడేండ్ల వరకు చెల్లును.