కెమెరా బరువు మోసిన పట్టీ

ఛాయాచిత్రకళ చరిత్రమును చెప్పువారు సాధారణముగా కటకములను గూర్చియు, గాజుపలకలను గూర్చియు, ఫిల్మును గూర్చియు చెప్పుదురు. కెమెరాను మెడకు తగిలించు పట్టీని గూర్చి చెప్పువారు అరుదు. అది యొక తోలువారు మాత్రమే గదా, దానికేమి చరిత్రము అని తోచుట సహజమే. కాని బరువును ఎవరు మోసిరి, ఎట్లు మోసిరి అను ప్రశ్న ఏ పనిముట్టు విషయములోనైనను చిన్న ప్రశ్న కాదు. అదిగాక, పట్టీ సరియైనది కానిచో మెడ నొచ్చును. కెమెరాకు గీతలు పడును. ఈ రెండు బాధలను ఒక్కసారిగా తప్పించుకొనుటకు మనుష్యులు నూరేండ్లకు పైగా పాటుపడిరి. ఆ కథను ఇచట సంగ్రహముగా చెప్పదలచితిమి.

1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరములో డగేర్ కనిపెట్టిన పద్ధతిని లోకమునకు వెల్లడించిరి. ఆనాటి కెమెరా ఒక కొయ్యపెట్టె. దానిని మూడుకాళ్ళ స్టాండుమీద కదలకుండ నిలిపి నిమిషములకొలది వేచియుండవలసి వచ్చెడిది. అట్టి దానిని మెడకు తగిలించుకొను మాటయే లేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడిపలకల పద్ధతిని ప్రకటించిన పిదప చిత్రములు స్పష్టమైనవి గాని, బరువు మాత్రము తగ్గలేదు, సరికదా పెరిగినది. పలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రము తీసి, వెంటనే కడుగవలెను. కావున చీకటిగది కూడ చిత్రకారుని వెంట నడువవలసినదే. 1855లో క్రిమియా యుద్ధభూమికి పోయిన రోజర్ ఫెంటన్ ఒక సారా వర్తకుని బండిని చీకటిగదిగా మార్పించుకొని తీసికొనిపోయెను.

బండ్లు పోలేని చోటులకు మనుష్యులు మోసిరి. శామ్యూల్ బోర్న్ అను ఆంగ్లేయుడు 1863లో సిమ్లానుండి హిమాలయములలోనికి బయలుదేరినపుడు సుమారు 30 మంది కూలీలు ఆయన సామానులు మోసిరి. 1866లో గంగోత్రివైపు సాగిన యాత్రలో వారి సంఖ్య 80కి పెరిగినది. గాజుపలకలు, మందుసీసాలు, గుడారము, కెమెరా, అన్నియు వారి వీపులమీదను, తలలమీదను ఆ కొండలెక్కినవి. ఆ చిత్రములను నేటికిని లోకము మెచ్చుకొనుచున్నది. వానిమీద బోర్న్ పేరు కలదు. మోసినవారి పేర్లు లేవు. మన సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థానమున వెలుగొందిన రాజా దీన్‌దయాళ్ కాలమునందును పెద్దపలకల కెమెరాలు పరిచారకుల సాయము లేక కదలునవి కావు. ఛాయాచిత్రము తీయుటకు ఒక కన్ను చాలును గాని, దానిని ఆ చోటికి చేర్చుటకు పెక్కు భుజములు కావలసియుండెను.

ఈ స్థితి మారుటకు కారణము 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ ప్రకటించిన జెలటిన్ పొడిపలక. పలకను ముందుగానే సిద్ధముచేసి ఉంచుకొనవచ్చును, తీరికగా కడుగుకొనవచ్చును. రానురాను పలకల చురుకుదనము పెరిగి, చిత్రము తీయుటకు క్షణకాలము చాలినది. స్టాండుతో పని తగ్గినది. అప్పుడు కెమెరా మనిషి శరీరమునకు చేరువగా వచ్చినది.

అట్లు వచ్చినవానిలో చిత్రమైనది 1886లో వెలువడిన స్టర్న్ కోటులోపలి కెమెరా. అది పళ్ళెమువలె గుండ్రముగా, పలుచగా నుండెడిది. మెడనుండి వ్రేలాడదీసి కోటుక్రింద దాచుకొని, బొత్తాము కన్నములోనుండి కటకమును బయటికి పెట్టి, ఒక పలకమీద ఆరు గుండ్రని చిత్రములు తీయవచ్చును. నార్వేదేశపు కార్ల్ స్టోర్మర్, తరువాతి కాలమున గొప్ప గణితవేత్తయైనవాడు, విద్యార్థిదశలో దీనితోనే 1890 దశకమున ఆ దేశపు రాజధాని వీథులలో నడచువారి చిత్రములను వారికి తెలియకుండ తీసెను. మెడ మోయుటవలన రెండు చేతులును ఖాళీ యైనవి. ఎదుటివారికి ఆ చేతులు మాత్రమే కనబడెను, కెమెరా కనబడలేదు.

1888లో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను అంగడిలో పెట్టెను. 100 చిత్రములకు సరిపడు ఫిల్ముతో దాని వెల 25 డాలర్లు. ఆ వెలలోనే తోలుపెట్టెయు, భుజమునకు తగిలించుకొను పట్టీయు చేరియుండెను. పట్టీ యనునది విడిగా కొనవలసిన అలంకారము కాదు, కెమెరాలో ఒక భాగము అను భావన నాటికే కలదన్నమాట. అయితే పట్టీ పెట్టెకు కుట్టబడినది గాని కెమెరాకు కాదు. ఈ భేదమును మనస్సున ఉంచుకొనవలెను. పెట్టెలోని వస్తువునకు గీతలు పడవు. కాని చిత్రము తీయవలెనన్నచో ముందు పెట్టె విప్పవలెను.

జర్మనీలో లైట్జ్ సంస్థలో పనిచేయుచుండిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసవ్యాధి పీడితుడు. బరువైన పలకల కెమెరాను మోసికొని కొండదారుల నడచుట ఆయనకు కష్టము. ఆ కష్టమే చిన్న కెమెరాను గూర్చి ఆలోచింపజేసిన కారణములలో నొకటి. ఆయన రూపొందించిన లైకా 1925లో లైప్‌జిగ్ వసంతప్రదర్శనమున లోకమునకు కనబడినది. చొక్కా జేబులో పట్టు ఆ కెమెరాకు పట్టీని తగిలించు చెవులు లేవు. పట్టీ కావలెనన్న తోలుతొడుగునకే ఉండవలెను. 1933లో వచ్చిన మూడవ లైకాకు ఇరుప్రక్కల రెండు చిన్న లోహపు చెవులను అమర్చిరి. చూచుటకు అది స్వల్పమైన మార్పు. కాని అంతవరకు పెట్టెలో నుండి, అవసరమైనపుడు బయటికి వచ్చిన కెమెరా ఆనాటినుండి రోజంతయు మనిషి రొమ్ముమీద సిద్ధముగా వ్రేలాడజొచ్చినది.

పట్టీ మోయుటయే గాక నిలుపుటయు నేర్చినది. 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్‌ను నడుమువద్ద పట్టుకొని పైనుండి క్రిందికి చూచుచు చిత్రము తీయుదురు. పట్టీ బిగిసియుండునట్లు కెమెరాను మెల్లగా క్రిందికి లాగి పట్టినచో మెడయు, రెండు చేతులును కలిసి మూడుకాళ్ళ స్టాండువలె పనిచేయును. చేయి వణకదు. పత్రికలవారు వాడిన పెద్ద స్పీడ్ గ్రాఫిక్ కెమెరాకు మెడపట్టీకన్న ప్రక్కనున్న చేతిపట్టీయే ముఖ్యము. దానిలో ఎడమచేతిని దూర్చి బరువును పట్టుకొనెడివారు. మన దేశమున తొలి మహిళా పత్రికాఛాయాచిత్రకారిణిగా పేరుగన్న హోమాయ్ వ్యారావాలా ఈ రెండు విధముల కెమెరాలను వాడినారు. చీర కట్టుకొని, సైకిలుమీద ఢిల్లీ వీథులలో తిరిగి వారు పనిచేసిరి. కూలీలు మోసిన బరువు అప్పటికి ఒక్క మనిషి మెడకును, చేతికిని చేరినది.

కెమెరా తొడుగు విడిచి బయటికి వచ్చినది గనుకనే గీతల సమస్య పుట్టినది. ఆనాటి మంచి కెమెరాలు ఇత్తడితో చేసి, పైన నల్లరంగు గాని నికెలు, క్రోమియము పూతలు గాని వేసినవి. పట్టీకొనలను కెమెరా చెవులకు కలుపు ఉక్కు రింగులు నడచునపుడెల్ల అటునిటు కదలి ఆ పూతను ఒరయును. ఏండ్లు గడచిన కొలది రింగు చుట్టును నల్లరంగు పోయి పసుపుపచ్చని ఇత్తడి బయటపడును. మా యింట నున్న ఒక పాత కెమెరా వెనుకభాగమున అడ్డముగా ఒక లోతైన గీత కలదు. అది ఎట్లు పడినదో చాలకాలము మాకు తెలియలేదు. ఒకనాడు పట్టీని చుట్టి కెమెరాను బీరువాలో పెట్టుచుండగా, పట్టీ పొడవును సవరించు ఇత్తడి బకిలు సరిగా ఆ గీతమీదికే వచ్చి కూర్చుండెను. మెడమీద నున్నంతసేపు ఆ బకిలు ఏ హానియు చేయలేదు. విశ్రాంతిగా పడియున్నపుడే చేసినది.

తోలునకును దాని గుణదోషములు కలవు. మన ప్రాంతమున తరతరములుగా తంగేడు చెక్కతో తోళ్ళను పదును చేసిరి. అట్టి తోలు మొదట బిరుసుగా నుండి, వాడుకొలది మెత్తబడును. 19వ శతాబ్దము చివర వ్యాపించిన క్రోము పద్ధతి తోలు మొదటినుండియు మెత్తన. నీటికి కొంత ఓర్చుకొనును. కాని ఏ తోలైనను చెమటను, తేమను పీల్చును. తోలును అంటియున్న ఇత్తడి బకిళ్ళకు పచ్చని చిలుము పట్టును. వానకాలమున, ముఖ్యముగా మన కోస్తాప్రాంతములలో, కెమెరాను తోలుతొడుగులో నెలలతరబడి మూసి ఉంచినచో తేమ నిలిచి కటకమునకు బూజు పట్టును. గీతనుండి కాపాడునని నమ్మిన తొడుగే కంటికి పొర తెచ్చునన్నమాట.

ఇక మెడ సంగతి. 1 కిలోగ్రాము బరువుగల కెమెరాను 1 సెంటీమీటరు వెడల్పు పట్టీతో తగిలించుకొంటిమనుకొందము. ఆ పట్టీ మెడమీదను భుజముమీదను 20 సెంటీమీటర్ల పొడవున ఆనియుండెనేని, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 50 గ్రాముల బరువు పడును. పట్టీ 4 సెంటీమీటర్ల వెడల్పుదైనచో అదే బరువు 12.5 గ్రాములకు దిగును. కెమెరా బరువు తగ్గలేదు; చర్మమును కోయు ఒత్తిడి మాత్రము తగ్గినది. బోయీలు భుజముమీద గుడ్డమడత వేసికొనుటలోని రహస్యమిదియే.

ఈ వెడల్పును చవుకగా సాధించుటకు రసాయనశాస్త్రము తోడ్పడినది. 1938లో లోకమునకు తెలియజేసిన నైలాను గట్టిది, తేలికయైనది, తేమకు చెడదు; కాని నునుపువలన భుజముమీదినుండి జారును, దాని అంచు మెడను ఒరయును. 1931లో ప్రకటించిన నియోప్రీన్ అను కృత్రిమ రబ్బరును బుడగలు గలదానిగా చేసి తరువాతి కాలమున పట్టీలకు వాడిరి. అది మెత్తనిది, జారనిది. అయితే సాగుగుణము కలది గనుక నడచునపుడు కెమెరా పైకి క్రిందికి ఊగును. ఒక సుఖము వెంట ఒక చిక్కు వచ్చుట ఈ చరిత్రమున మాటిమాటికి కనబడును.

కెమెరా దేహమును మారినది. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 పైకప్పు ఇత్తడిది కాదు, ప్లాస్టిక్కుది. 1995లో విక్రయమునకు వచ్చిన ఒక కెమెరా వెనుక చిన్న తెర వెలసినది. పిదప వచ్చిన డిజిటల్ కెమెరాలలో తెర సర్వసాధారణ మైనది. పూర్వము బకిలు ఒరసినచో అందము మాత్రమే చెడెడిది. నేడు తెరమీద గీత పడినచో తీసిన చిత్రమును చూచుటయే కష్టమగును. 1969లో చంద్రునిపై అడుగిడినవారు మాత్రము ఈ చిక్కులన్నిటిని దాటిరి. వారి హాసెల్‌బ్లాడ్ కెమెరాను అంతరిక్షదుస్తుల రొమ్ముభాగమునకే బిగించిరి. పట్టీ లేదు, మెడపై బరువు లేదు. కాని ఆ సదుపాయము భూమిమీది మనకు లేదు గదా!

కావున పట్టీని ఎన్నుకొనువారు ఈ చరిత్రమునుండి కొన్ని సంగతులు గ్రహింపవచ్చును. బరువునకు తగిన వెడల్పు ఉండవలెను. చిన్న కెమెరాకు మిక్కిలి వెడల్పైన పట్టీ అనవసరము. అంచులు మెత్తగా నుండవలెను. లోహపు బకిలు ఉన్నచో దానిక్రింద తోలుముక్క గాని గుడ్డ గాని ఉన్నదేమో చూడవలెను. రింగులకును కెమెరాకును నడుమ చిన్న తోలుబిళ్ళ ఉన్నచో పూత నిలుచును. రింగులకు బదులు గట్టి దారపు ముడులతో తగిలించు పట్టీలును నేడు దొరకుచున్నవి. అవి గీయవు, కాని దారము అరిగినదా లేదా యని అప్పుడప్పుడు చూచుకొనవలెను. గీతకు భయపడి బలహీనమైన ముడిని నమ్ముకొన్నచో కెమెరాయే క్రింద పడును. బరువు మెడకు ఎక్కువైనచో పట్టీని జందెమువలె ఏటవాలుగా వేసికొని భుజమునకు అప్పగించుట మేలు. ఇంటికి వచ్చిన పిదప పట్టీని కెమెరా చుట్టును చుట్టిపెట్టక, ప్రక్కన విడిగా ఉంచవలెను.

హిమాలయములలో 80 మంది మోసిన బరువు నేడు ఒక్క పట్టీమీద వ్రేలాడుచున్నది. ఆ కూలీల భుజములకు మెత్తని అస్తరు ఎవరైన వేసిరో లేదో చరిత్రము వ్రాయలేదు. మన మెడకు మెత్తని పట్టీని వెదకుకొనునపుడు వారినొకసారి తలచుకొనుట న్యాయమని మా మనవి.