అకాలపు బట్టతల - కారణాన్వేషణ చరిత్ర

ఇరువదియేండ్ల పిల్లవాడు ఉదయమున తల దువ్వుకొని దువ్వెనవంక చూచును. పండ్లసందున చిక్కిన వెంట్రుకలను లెక్కపెట్టును. మరునాడు మరల లెక్కపెట్టును. నుదుటికి ఇరుప్రక్కల జుట్టు వెనుకకు జరిగినదేమోనని అద్దమును కిటికీకడకు కొనిపోయి పరీక్షించుకొనును. ఇంటిలో ఎవరితోను చెప్పడు. చెప్పినచో నవ్వుదురు, లేదా ఆముదము రాయుమందురు. ప్రాణాపాయము లేనిది గదా అని వైద్యుడు సైతము దీనిని తేలికగా చూచుట కలదు. పెండ్లిచూపులకు పోవలసిన పిల్లవానికి మాత్రము ఇది తేలిక కాదు.

నేను కళాశాలలో చదువుకొను దినములలో మా వసతిగృహమున ఒక మిత్రునకు తలపై రూపాయిబిళ్ళ యంత మేర గుండ్రముగా జుట్టు ఊడిపోయినది. పేనుకొరుకుడని అందరును నిశ్చయించిరి. ఎవరో చెప్పగా అతడు గురివిందగింజలు నూరి ఆ చోట పట్టించెను. చర్మము మండి పుండుపడినది. మూడు నెలలకు అచ్చట నల్లని జుట్టు మొలచినది. అంతటితో గురివిందగింజకు మా వసతిగృహమున గొప్ప ఖ్యాతి వచ్చినది. మరియొక మిత్రునకు నడినెత్తిన జుట్టు పలుచబడుచుండెను. అతడును అదే గింజను తెచ్చి ఏడాదిపాటు నూరెను. పుండ్లు మిగిలినవి, జుట్టు రాలేదు. (గురివింద విషపుగింజ యని వారిరువురకును తెలియదు. నాకును తెలియదు.) ఒకనికి పనిచేసినట్లు కనబడిన మందు మరియొకనికి ఏల పనిచేయలేదు? ఈ చిన్న ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు వైద్యలోకమునకు సుమారు మూడున్నర వేల యేండ్లు పట్టినది.

జుట్టు మొలపించుటకు వ్రాసిపెట్టిన అతిప్రాచీనములైన యోగములు ఈజిప్టులో దొరికినవి. క్రీస్తుపూర్వము 1550 ప్రాంతమున లిఖింపబడిన ఎబర్సు పత్రమునందు సింహము, నీటిగుఱ్ఱము, మొసలి, పిల్లి, పాము, కొండమేక - ఈ ఆరింటి కొవ్వును కలిపి తలకు మర్దించుమని యున్నది. మొసలికొవ్వు సంపాదించుటకు బయలుదేరిన మనుష్యుని ధైర్యమును మెచ్చుకొనవలసినదే. తలవెంట్రుక కొరకు తల నొడ్డినవాడు గదా! ఇట్టి యోగములలో మందు ముందు వచ్చును; రోగమేదో నిర్ణయించుట తరువాతి మాట. ఏ జాతి చరిత్ర చూచినను తొలినాళ్ళలో ఇదే వరుస.

గ్రీకుల కాలమునకు కొంత పరిశీలన మొదలైనది. హిపోక్రటీసు పేర వెలసిన సూత్రములలో నపుంసకులకు బట్టతల రాదని ఒక వాక్యము కలదు. అరిస్టాటిలును ఈ సంగతిని గుర్తించెను. కన్ను చూచినది నిజమే. బుద్ధి తీసిన అర్థము మాత్రము పెడదారి పట్టినది. యౌవనము వచ్చి సంభోగము నెరిగినవానికే బట్టతల వచ్చుననియు, దానివలన దేహములోని వేడిమి తగ్గుటయే కారణమనియు అరిస్టాటిలు తలచెను. అనగా జుట్టు పోయినవాని నడవడిపై నింద పడినది. ఈ నింద వేషములు మార్చుకొని చిరకాలము నిలిచినది. ఒక తరమువారు అతికామమనిరి, మరియొక తరమువారు అతిగా ఆలోచించుట యనిరి, ఇంకొక తరమువారు బిగువైన టోపీ యనిరి. తప్పు మాత్రము ఎల్లప్పుడును ఆ పిల్లవానిదే.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునందు సెల్సస్ అను గ్రంథకర్త మచ్చలు మచ్చలుగా జుట్టు ఊడుటను రెండు విధములుగా విభజించెను. అందొకటి పసివారికి వచ్చి తల చుట్టును పామువలె ప్రాకుననియు, అది తరచుగా తనంతట తానే మానుననియు వ్రాసెను. ఈ మచ్చలకు పలువురు పలు లేపనములు పట్టింతురు గాని, ప్రతిదినము మంగలికత్తితో గొరుగుట కంటె మేలైనది లేదని ఆయన తీర్పు. తనంతట తానే మానునది యొకటి కలదని చెప్పుటయే గొప్ప మాట. ఏ మందు రాచినను మానునట్టి జబ్బుకు మందు రాచినవాడు కీర్తి నొందును. ఆ కీర్తిని నమ్మి, మానని జబ్బు గలవాడు అదే మందు కొనును. మా వసతిగృహమున జరిగినది సరిగా ఇదియే.

మన ఆయుర్వేదమునందు ఈ విభజన మరింత స్పష్టముగా నున్నది. సుశ్రుతసంహితలో ఇంద్రలుప్తము, ఖాలిత్యము, రుజ్య అను మూడును ఒకే వ్యాధికి పర్యాయపదములుగా చెప్పబడినవి. వాతముతో కూడిన పిత్తము రోమకూపములలో చేరి వెంట్రుకలను రాల్చును. పిమ్మట రక్తముతో కూడిన శ్లేష్మము ఆ కూపములను మూసివేయుటచే క్రొత్త వెంట్రుకలు పుట్టవని దాని సంప్రాప్తి. కొన్ని శతాబ్దుల తరువాత వాగ్భటుడు అష్టాంగహృదయమున ఈ సంప్రాప్తినే చెప్పి, చివర నొక చిన్న మాట చేర్చెను. ఖలతి పుట్టుటయు ఇట్లే గాని, అందు వెంట్రుకలు రాలుట క్రమక్రమముగా జరుగునని ఆ మాట. సన్నిపాతమువలన కలిగిన ఖలతి అసాధ్యమనియు ఆయన స్పష్టముగా చెప్పెను.

ఆ యొక్క మాట నాకు ఎంతయో విలువైనదిగా తోచును. ఎన్ని వెంట్రుకలు రాలినవని గాక, ఎట్లు రాలుచున్నవని అడిగినవాడు వాగ్భటుడు. హఠాత్తుగా మచ్చవలె ఊడునది వేరు, ఏండ్ల తరబడి పలుచబడునది వేరు అని తెలిసిన వైద్యుడు గురివిందగింజను ఎవరికి నూరవలెనో, ఎవరికి నూరరాదో కొంతవరకైనను విచారింపగలడు. నిజమునకు తలపై గాట్లు పెట్టి గురివిందలేపనము పట్టించుట ఇంద్రలుప్తమునకే చెప్పబడిన చికిత్స. తరువాతి కాలమున చిట్కావైద్యము గింజను జ్ఞాపకముంచుకొని భేదమును మరచినది.

శాస్త్రము ఇట్లుండగా లోకము బట్టతలను దురదృష్టమునకు గుర్తుగా ఎంచుకొన్నది. ఎండకు తాళలేక చెట్టునీడకు చేరిన బట్టతలవాని నెత్తిపై పండు పడుట భర్తృహరి నీతిశతకమున దైవోపహతుని కథ. ఏనుగు లక్ష్మణకవి తెనుగు సేతవలన ఆ బట్టతలవాడు మన బడిపిల్లలకు సైతము పరిచితుడైనాడు. రాజులకును ఈ బాధ తప్పలేదు. జూలియస్ సీజరు వెనుకజుట్టును ముందుకు దువ్వుకొనెడివాడనియు, సెనేటు ఇచ్చిన గౌరవములలో ఎల్లప్పుడును లారెలుదండ ధరించు హక్కే ఆయనకు మిక్కిలి ప్రీతికరమైనదనియు సుయెటోనియస్ వ్రాసెను. ఫ్రాన్సు రాజు 13వ లూయీ ఇరువదులలోనే జుట్టు కోల్పోయి కృత్రిమకేశములు ధరింపగా, అది ఐరోపా ప్రభువుల కందరకును వేషమైనది. మీకును నాకును అట్టి సదుపాయము లేదు. మనము తల చూపినంతమాత్రమున లోకము తన వేషమును మార్చుకొనదు.

19వ శతాబ్దాంతమున సూక్ష్మజీవుల శాస్త్రము విజృంభించినది. ప్రతి వ్యాధికిని ఒక క్రిమిని వెదకు కాలమది. పారిసు నగరమున సెయింట్ లూయీ వైద్యశాలకు చెందిన రేమండ్ సాబురో 1897లో తలచర్మపు జిడ్డులో నుండు ఒక సూక్ష్మక్రిమియే బట్టతలకు మూలమని ప్రకటించెను. ఇక దువ్వెన, కుంచె, క్షౌరశాల - అన్నియు అనుమానాస్పదములైనవి. నడవడి నుండి నింద శుభ్రతపైకి మారినది. సాబురో సామాన్యుడు కాడు. తలకు పట్టు తామర శిలీంధ్రమువలన కలుగునదని నిరూపించి, దాని జాతులను వేరుచేసి, చికిత్స నేర్పిన మహనీయుడాయన. ఆ శిలీంధ్రమును పెంచుటకు ఆయన పేరుగల పదార్థమునే నేటికిని ప్రయోగశాలలలో వాడుదురు. ఆ తామరలో క్రిమిని పట్టిన చేతికి ఈ బట్టతలలోను క్రిమి దొరకునను ఆశ కలిగినది. రెండును జుట్టు రాలుటయే గదా! ఒకే పేరు క్రింద పెక్కు రోగములు దాగియుండుటవలన పండితుడును మోసపోయెను.

1916లో డొరొతీ ఆస్బర్న్ అను అమెరికను పరిశోధకురాలు 22 కుటుంబముల వంశవృక్షములను పరిశీలించి, బట్టతల తరతరములుగా సంక్రమించునదని చెప్పినది. ఒకే జన్యువు కారణమని ఆమె తలచినది గాని, నేడు రెండువందలకు పైగా జన్యుస్థానములు దీనితో సంబంధము గలవిగా తెలిసినవి. వానిలో ప్రధానమైన యొకటి తల్లినుండి కుమారునకు వచ్చు ఎక్స్ క్రోమోజోముపై నున్నది. మేనమామను చూచి మేనల్లుని తల చెప్పవచ్చునను నానుడిలో కొంత నిజమున్నది; అంతయు లేదు. తండ్రివైపు వాటాయు కలదు.

అసలు సమాధానము 1942లో వచ్చినది. జేమ్స్ హామిల్టన్ అను అమెరికను శరీరశాస్త్రజ్ఞుడు వృషణములు లేనివారు, పూర్ణముగా యౌవనమునకు రానివారు అయిన 104 మంది పురుషులను పరిశీలించెను. యుక్తవయస్సునకు ముందే వృషణములు కోల్పోయినవారికి ముదిమిలోను బట్టతల రాలేదు. అట్టివారికి టెస్టోస్టిరోను అను పురుషహార్మోను ఇచ్చినప్పుడు, బట్టతలగల వంశమున పుట్టినవారికి జుట్టు పలుచబడసాగినది. అట్టి వంశము కానివారి జుట్టు నిలిచినది. హార్మోను మానినంతనే రాలుట ఆగినది. పోయినది మాత్రము తిరిగి రాలేదు. హిపోక్రటీసు సూత్రమునకు రెండువేల యేండ్లకు పైబడిన పిమ్మట అర్థము తెలిసినది. వారసత్వము, హార్మోను, వయస్సు - ఈ మూడును కలిసినగాని ఈ బట్టతల రాదు. కామము కాదు, ఆలోచన కాదు, టోపీ కాదు, మురికి కాదు. ఆ పిల్లవాడు చేసిన తప్పేమియు లేదు.

ఈ జ్ఞానము ఎవరి దేహములనుండి వచ్చినదో మరువరాదు. ఆ కాలమున అమెరికాలోని కొన్ని రాష్ట్రములలో మందబుద్ధులని ముద్ర వేసి, సంస్థలలో నుంచిన మనుష్యుల వృషణములను తొలగించు దురాచారముండెను. కాన్సస్ రాష్ట్రమున అట్లు గాయపడినవారి ఆయుర్దాయమును గూర్చి హామిల్టన్ 1969లో మెస్ట్లరుతో కలిసి ఒక పరిశోధన ప్రకటించెను. వారి అనుమతి నెవరును అడిగియుండరు.

తరువాతి సంగతులు త్వరగా నడచినవి. 1952లో న్యూయార్కున నార్మన్ ఒరెంట్రైక్ వెనుకతల చర్మమును చిన్న చిన్న బిళ్ళలుగా తీసి ముందునెత్తిన నాటెను. అవి క్రొత్తచోట సైతము పాతచోటి స్వభావమునే నిలుపుకొని జుట్టును పెంచినవి. ప్రతి రోమకూపమును తన విధిని తనతోనే తెచ్చుకొనునని దీనివలన రుజువైనది. (గాయపడిన తలకు ఇట్టి నాటును జపాను వైద్యుడు ఒకుదా 1939లోనే వర్ణించియుండెను.) 1974లో డొమినికన్ రిపబ్లిక్ దేశమున పుట్టుకనుండి ఒక ఎంజైము లోపించిన కుటుంబములను గూర్చిన పరిశోధన వెలువడినది. టెస్టోస్టిరోనును డైహైడ్రోటెస్టోస్టిరోనుగా మార్చునది ఆ ఎంజైము. ఆ కుటుంబములలోని అట్టి పురుషులకు నుదుటిజుట్టు వెనుకకు జరుగలేదు. రోమకూపమును ఏటికేడు కుదించి, దట్టమైన వెంట్రుకను నూగుగా మార్చునది ఈ రెండవ హార్మోనే యని తేలినది. ఆ ఎంజైమును అడ్డు ఫినస్టరైడు బట్టతలకు 1997లో అమెరికాలో అనుమతి పొందినది. రక్తపుపోటుకు ఇచ్చిన మినాక్సిడిల్ వలన రోగుల దేహమున వెంట్రుకలు పెరుగుట చూచి, దానినే తలకు రాయు మందుగా 1988లో అచ్చటనే అనుమతించిరి. రెండును వాడినంతకాలమే పనిచేయును. మొదటిదానివలన కొందరికి లైంగికమైన ఇబ్బందులు కలుగును గావున వైద్యుని అడుగక మ్రింగరాదు.

వాగ్భటుడు చెప్పిన భేదము కూడ నేడు నిలిచియున్నది. పేనుకొరుకుడును పేను కొరుకదు, క్రిమి కొరుకదు. దేహపు రక్షణశక్తియే పొరబడి రోమకూపములపై దాడి చేయుటవలన అది కలుగును. చిన్న మచ్చలు పెక్కుమారులు మందు లేకయే పూడును. తీవ్రమైనదానికి బారిసిటినిబ్ అను మందు 2022లో అమెరికాలో అనుమతి పొందినది. 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ మరియొకదానిని వేరుచేసి పేరు పెట్టెను. సన్నిపాతజ్వరమువంటి గట్టి జ్వరము, శస్త్రచికిత్స, ఉపవాసము - వీని తరువాత రెండు మూడు నెలలకు తలయంతటను జుట్టు గుప్పెళ్ళుగా రాలును. కోవిడ్ వచ్చి తగ్గిన 2020, 2021 సంవత్సరములలో ఎందరో దీనిని చూచి హడలిపోయిరి. కొన్ని నెలలకు అదియు తనంతట తానే సర్దుకొనును. ఈ మధ్యకాలమున ఏ నూనె రాచినను ఆ నూనెదే విజయము! మన దేశపు 1945 నాటి ఔషధ నియమముల 'జె' పట్టికలో, నయము చేయుదుమని ఏ మందును చెప్పుకొనరాని వ్యాధుల నడుమ బట్టతల పేరు కలదు. ప్రకటనలు చూచినవారికి ఇది నమ్మశక్యము కాదు.

గింజ నూరిన ఆ రెండవ మిత్రుడు చివరకొక చర్మవైద్యుని వద్దకు పోయెను. తోడుగా నన్ను పిలిచెను. ఆయన మందుచీటి వ్రాయలేదు. ఎప్పటినుండి, ఒక్కసారిగానా మెల్లగానా, జ్వరమేమైన వచ్చినదా, తండ్రి తల ఎట్లుండెను, మేనమామల తలలు ఎట్లుండెను అని అడిగెను. కొన్ని వెంట్రుకలను వ్రేళ్ళ నడుమ పట్టి మెల్లగా లాగి చూచెను. భూతద్దముతో నడినెత్తిని, వెనుకతలను మార్చి మార్చి చూచెను. నెత్తిపై లావు వెంట్రుకల నడుమ సన్ననివి ఎన్నో యున్నవనియు, వెనుక అన్నియు ఒకే లావనియు చెప్పి, రోగము పేరు చెప్పెను. ఇది మీ తప్పు కాదు, మీ తాతగారి ఆస్తి యనెను. మా వాడు చాలసేపు మాటాడలేదు. బయటికి వచ్చిన పిమ్మట, ఏడాదిగా దువ్వెనలోని వెంట్రుకలను లెక్కవ్రాసిన చిన్న పుస్తకమును జేబునుండి తీసి నాకు చూపెను. ఆ సాయంకాలము క్షౌరశాలకు పోయి జుట్టు పొట్టిగా కత్తిరింపించుకొని వచ్చెను.