సరస్సు ఒడ్డున 75 ఏళ్ళు: రామా క్యాంపు కథ

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన కానోవర్ అనే చిన్న ఊరుంది. చుట్టూ పైన్ అడవులు, ఎటు చూసినా సరస్సులు. శీతాకాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. జూన్ వచ్చేసరికి ఈతకూ పడవలకూ పనికొస్తాయి. అక్కడి అప్పర్ బకటబాన్ అనే సరస్సు ఒడ్డున 1947 వేసవిలో మొదటి 'క్యాంప్ రామా' తెరుచుకుంది. 2022తో దానికి 75 ఏళ్ళు నిండాయి. ఇప్పుడు అదే పేరుతో కాలిఫోర్నియా నుంచి జార్జియా దాకా, కెనడాలో కూడా క్యాంపులున్నాయి. యూదు మతంలో 'కన్సర్వేటివ్' అని పిలిచే శాఖవారి సంస్థ ఇది. పేరు చూసి ఛాందసులనుకోవద్దు. ఆచారాన్ని వదలకుండానే ఆధునిక జీవితంలో ఇమడాలన్నది వాళ్ళ దారి.

మనవైపు సమ్మర్ క్యాంపు అంటే పొద్దున రెండు గంటలు ఈతో, బొమ్మలు గీయడమో, కరాటేనో నేర్చుకుని ఇంటికి రావడం. అక్కడ పిల్లలు తల్లిదండ్రుల్ని వదిలి నాలుగు వారాలో, ఎనిమిది వారాలో అడవిలోనే ఉంటారు. అమెరికాలో ఈ అలవాటు పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలైంది. యూదులు దాన్ని పట్టుకోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. తూర్పు ఐరోపా నుంచి వలసవచ్చిన కుటుంబాలు న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతికేవి. గాలీ వెలుతురూ లేవు, క్షయ భయం. ఆ పిల్లలకు నాలుగు రోజులు మంచి గాలి పీల్పించాలని 1902లో కోల్డ్ స్ప్రింగ్ దగ్గర సర్‌ప్రైజ్ లేక్ క్యాంపు పెట్టారు. తర్వాత పెద్ద హాస్యనటుడైన ఎడ్డీ కాంటర్ చిన్నప్పుడు అక్కడికి వెళ్ళినవాడే. ఆ కాలంలో చాలా హోటళ్ళు, విడిది గృహాలు యూదులను రానిచ్చేవి కావు. కాబట్టి చేతిలో కాస్త డబ్బు చేరాక కూడా వేసవికి తమ చోటు తామే కట్టుకోవాల్సి వచ్చింది. 1919లో సెజ్విన్ క్యాంపు వచ్చింది. ఇద్దిష్ భాషాభిమానుల బోయిబెరిక్, 1923లో వామపక్ష కార్మిక కుటుంబాల కిండర్‌లాండ్ వచ్చాయి. 1941లో పూర్తిగా హీబ్రూలోనే నడిచే మసాద్ మొదలైంది. రామా వీటన్నిటి తర్వాత పుట్టిన బిడ్డ.

పుట్టిన ఏడు ఎలాంటిదో తలుచుకోవాలి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి రెండేళ్ళే అయింది. ఐరోపాలో అరవై లక్షల మంది యూదులు హతమయ్యారు. వందల ఏళ్ళ పాఠశాలలు, గురువులు, గ్రంథాలయాలు వాళ్ళతోపాటు పోయాయి. అప్పటికి ప్రపంచంలో యూదులు ఎక్కువమంది ఉన్న దేశం అమెరికా. కానీ అక్కడి పిల్లలకు తాతలు మాట్లాడే ఇద్దిష్ సగమే అర్థమయ్యేది, ప్రార్థనల హీబ్రూ అసలే అర్థమయ్యేది కాదు. సాయంత్రం బడి అయ్యాక, తోటివాళ్ళు బేస్‌బాల్ ఆడుకుంటుంటే, వీళ్ళు హీబ్రూ బడిలో కునికిపాట్లు పడుతూ కూర్చునేవారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయని కొందరు పాఠకులకు తెలిసే ఉంటుంది. వాళ్ళూ గత కొన్ని దశాబ్దాల్లో హీబ్రూ నేర్చుకున్నవాళ్ళే. ప్రపంచంలో చాలామంది యూదులకు హీబ్రూ ఇంట్లో అమ్మ నేర్పిన భాష కాదు, కష్టపడి సంపాదించుకున్నది.

న్యూయార్క్‌లో కన్సర్వేటివ్ శాఖవారి మతవిద్యా సంస్థ అయిన జ్యూయిష్ థియొలాజికల్ సెమినరీలో మోషే డేవిస్, సిల్వియా ఎటెన్‌బర్గ్ ఈ చిక్కు గురించే ఆలోచిస్తూ ఉండేవారు. షికాగోలో రబ్బీ (యూదు మతగురువు) రాల్ఫ్ సైమన్, అక్కడి ప్రార్థనా మందిరాల పెద్దలు స్థలం, డబ్బు కూడగట్టారు. పాఠ్యక్రమం సెమినరీది, భారం షికాగోవాళ్ళది. ఆశయం మాత్రం మొదట్లో ఇరుకైనదే. రేపటి రబ్బీలు, పంతుళ్ళు, పెద్దలు ఇక్కడినుంచి రావాలి; కాబట్టి హీబ్రూ బడిలో చదువుతున్న పిల్లల్నే తీసుకోవాలి. అంటే బాగా చదివే పిల్లల కోసం కట్టిన చోటు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

రోజులో కొంతసేపు పాఠం ఉండేది. సెమినరీ నుంచి ఆచార్యులు వచ్చి వేసవంతా అక్కడే ఉండేవారు. కానీ అసలు చదువు పాఠం బయట జరిగింది. భోజనశాల 'ఖదర్ ఓఖెల్', పడుకునే చెక్క గది 'త్స్రీఫ్', చూసుకునే అన్నో అక్కో 'మద్రిఖ్' లేదా 'మద్రిఖా', సరస్సు 'అగమ్'. ప్రకటనలు హీబ్రూలో, ఆటల నియమాలు హీబ్రూలో. బ్రాడ్‌వే సంగీత నాటకాలను హీబ్రూలోకి మార్చి పిల్లలచేత ఆడించడం ఇప్పటికీ ఉంది. పన్నెండేళ్ళ పిల్ల ఆ నాటకంలో పాత్ర కోసం కంఠతా పట్టిన హీబ్రూ, పాఠ్యపుస్తకంలో మూడేళ్ళు చదివినదానికన్నా గట్టిగా నిలుస్తుంది.

అయినా ఆ పిల్లలు పెద్దయ్యాక తలుచుకునేది భాషను కాదు, పక్క మంచం మీది స్నేహితుణ్ణి. గురుకుల పాఠశాలల్లోనో హాస్టళ్ళలోనో చదివిన మనవాళ్ళకు ఈ స్నేహాల గట్టితనం చెప్పనక్కర్లేదు. ఒకే గదిలో పడక, వంతులవారీగా ఊడవడం, తడి తువాళ్ళ గొడవ, రాత్రి దీపం ఆర్పాక గుసగుసలు, ఇంటి బెంగతో ఏడ్చినవాణ్ణి ఎవరో ఒకరు దగ్గరకు తీసుకోవడం. ఫోన్లు ఉండవు, ఇంటికి ఉత్తరం రాయాల్సిందే. పైగా ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మినియాపోలిస్ శివార్లలోనో, ఒమాహాలోనో చదివే యూదు పిల్ల తన తరగతిలో బహుశా ఒక్కర్తే యూదు. డిసెంబరులో అందరిళ్ళలో క్రిస్మస్ చెట్టు ఉంటే మీ ఇంట్లో ఎందుకు లేదని అడుగుతారు. ఫలానా మాంసం ఎందుకు తినవని అడుగుతారు. అడిగినవాళ్ళలో చెడుతనం ఉండకపోవచ్చు, కానీ ఏడాది పొడుగునా జవాబు చెప్పుకోవడం అలసట. బకటబాన్ ఒడ్డున దిగగానే ఆ జవాబులతో పని ఉండదు. అక్కడ ఆ పిల్లను ఈతలో చురుకైనదిగానో, పాటలు కట్టేదిగానో, పొద్దున లేవలేనిదిగానో గుర్తిస్తారు. తమవాళ్ళ మధ్య ఉన్నప్పుడే మనిషికి తనదైన పేరు దొరుకుతుందని నాకు గట్టి నమ్మకం. సముదాయంలో పడితే పిల్లల వ్యక్తిత్వం పోతుందని భయపడేవాళ్ళు శుక్రవారం సాయంత్రం అక్కడ ఏం జరుగుతుందో చూడాలి.

శుక్రవారం మధ్యాహ్నం నుంచే హడావుడి. గదులు తుడుస్తారు, అందరూ స్నానాలు చేసి తెల్లబట్టలు కట్టుకుంటారు. పొద్దు వాలే వేళ, యూదుల వారపు విశ్రాంతి దినమైన షబ్బత్ ప్రార్థన. హల్లా రొట్టెతో భోజనం అయ్యాక పాటలు మొదలవుతాయి. బల్లలు చరుస్తూ, ఒక వయసు బృందం పాడితే ఇంకో బృందం అందుకుంటూ, వందలమంది గొంతు కలుపుతారు. గొంతు బాగుందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. శనివారం చీకటి పడ్డాక షబ్బత్‌కు వీడ్కోలు పలికే హవ్‌దలా. జడలాగా అల్లిన కొవ్వొత్తి, సుగంధ ద్రవ్యాలు. భుజాల మీద చేతులు వేసుకుని వలయంగా నిలబడతారు. ఏటా అదే బృందం ఒక మెట్టు పైకెక్కుతుంది. చివరి మెట్టు 'నివొనీమ్'. ఆపైన ఇజ్రాయెల్ యాత్ర, ఆ తర్వాత తామే మద్రిఖ్‌లుగా తిరిగి రావడం. నిన్న ఏడ్చినవాడు ఇవాళ ఇంకొకడి కన్నీళ్ళు తుడుస్తాడు. వేతనం ఎక్కువ లేని ఈ ఉద్యోగానికి పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు ఎందుకు వస్తారో ఇందులోనే తెలుస్తుంది.

ఇదంతా దానంతటదే కుదిరింది కాదు, వెనకాల ఆలోచన ఉంది. 1951 నుంచి 53 వరకు విస్కాన్సిన్ క్యాంపును నడిపిన లూయిస్ న్యూమన్, బహుమతుల కోసం పోటీపడడం కన్నా కలిసి చేయడం మేలని నమ్మినవాడు. షికాగో విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రంలో పేరున్న జోసెఫ్ ష్వాబ్ సలహాదారుగా వచ్చాడు. తర్వాత నవలాకారుడిగా ప్రసిద్ధుడైన ఖైమ్ పోటోక్ కాలిఫోర్నియా రామాకు సంచాలకుడిగా పనిచేశాడు. పిల్లలు పాటలు పాడుకునే చోట ఇంతటి బుర్రలు కూర్చుని పనిచేయడం చూస్తే ముచ్చటేస్తుంది. మన వేసవి సెలవుల గురించి ఇంత గంభీరంగా ఎవరు ఆలోచించారు?

అన్నీ అనుకున్నట్టు సాగలేదు కూడా. పూర్తి హీబ్రూ అన్న పట్టుదల కొన్ని దశాబ్దాల్లోనే సడలింది. ఇప్పుడు వాక్యం ఇంగ్లిషుది, అందులో హీబ్రూ నామవాచకాలు. దీన్ని ఓటమి అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. ఆ కొన్ని మాటలే వాళ్ళను ఒకరికొకరిని దగ్గర చేస్తున్నాయి. అయితే స్థాపకులు కోరింది ఇది కాదన్న నిజాన్ని దాచకూడదు. ఖర్చు మరో సంగతి. వేసవికి కొన్ని వేల డాలర్లు. ఉపకారవేతనాలు ఉన్నా, అడగడానికి మొహమాటపడి ఆగిపోయే ఇళ్ళు ఎప్పుడూ ఉంటాయి. క్యాంపుకు వెళ్ళినవాళ్ళు పెద్దయ్యాక సమాజంతో ఎక్కువ ముడిపడి ఉంటారని అధ్యయనాలు వచ్చాయి. పంపిన కుటుంబాలు ముందునుంచే శ్రద్ధ గలవి కదా అన్న ప్రశ్న కూడా వాటి వెంటే ఉంది. 2020 వేసవిలో కోవిడ్ వల్ల క్యాంపు తెరుచుకోలేదు.

ఇక ఇందాక గుర్తుంచుకోమన్న మాట దగ్గరకు వద్దాం. 1960ల చివర న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో హెర్బ్, బార్బరా గ్రీన్‌బర్గ్ అనే దంపతులుండేవారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులు. మేధోవైకల్యం, మానసిక ఇబ్బందులు ఉన్న యూదు పిల్లలకు రామాలో చోటివ్వాలని వాళ్ళు అడిగారు. అప్పటికి అమెరికాలో అలాంటి పిల్లలందరికీ ప్రభుత్వ బడిలో చదువుకునే హక్కును దేశవ్యాప్తంగా కల్పించిన చట్టం కూడా లేదు. అది 1975లో వచ్చింది. హీబ్రూ బడులు వాళ్ళను చేర్చుకునేవి కావు. హీబ్రూ బడికి వెళ్ళినవాళ్ళకే రామా. అంటే ఆ పిల్లలకు రెండు తలుపులూ మూసే ఉన్నాయి.

క్యాంపుల సంచాలకులు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. క్యాంపు సజావుగా నడవదని, చదువు స్థాయి పడిపోతుందని, మిగతా పిల్లల తల్లిదండ్రులు తమ పిల్లల్ని తీసుకుపోతారని భయాలు. ఆ భయపడినవాళ్ళు దుర్మార్గులు కారు. చురుకైన పిల్లల కోసం కట్టిన సంస్థ తన లెక్క ప్రకారమే ఆలోచించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్ స్పే క్యాంపు సంచాలకుడు డొనాల్డ్ అడెల్మన్ ఒక్కడు సరేనన్నాడు, మాట మీద నిలబడ్డాడు. 1970 వేసవిలో ఒక చిన్న బృందంతో 'తిక్వా' మొదలైంది. ఎవరూ పిల్లల్ని తీసుకుపోలేదు. కొద్దికాలానికి గ్లెన్ స్పే మూతపడితే, తిక్వా మాసాచుసెట్స్‌లోని పామర్ క్యాంపుకు మారింది. గ్రీన్‌బర్గ్ దంపతులు దాదాపు మూడు దశాబ్దాలు దాన్ని నడిపారు. విస్కాన్సిన్‌లోనూ 1970ల్లోనే మొదలైంది.

అంతవరకు రామాలో స్నేహం తనలాంటివాడితో. తిక్వా వచ్చాక పక్క బల్ల దగ్గర నెమ్మదిగా మాట్లాడేవాడు, పాట పూర్తయ్యాక కూడా పాడుతూనే ఉండేవాడు చేరారు. పదిహేనేళ్ళ కుర్రాడు తనకు జోడీగా ఉన్న తిక్వా పిల్లవాడికి బూటు తాడు కట్టడం నేర్పుతూ ఓపిక నేర్చుకున్నాడు. రామా నుంచి రబ్బీలు, ఆచార్యులు వచ్చారు, స్థాపకుల కోరిక నెరవేరింది. కానీ తిక్వాలో పనిచేసిన యువతలో ప్రత్యేక విద్యలోకి, చికిత్సారంగంలోకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఇది 1947లో ఎవరి పథకంలోనూ లేదు.

అమెరికాలో మన పిల్లలు శని, ఆదివారాల్లో తెలుగు తరగతులకు వెళ్తున్నారు. వాళ్ళకోసం వేసవి శిబిరాలు పెట్టాలని మాట్లాడుకునే తల్లిదండ్రులు పెరుగుతున్నారు. వాళ్ళు రామా పాఠ్యప్రణాళికతోపాటు తిక్వా చరిత్ర కూడా చదవాలని నా కోరిక. ఏ తరగతిలోనూ చేర్చుకోక, పండక్కి కూడా బయటికి తీసుకురాక, ఇంట్లోనే ఉంచుకున్న ఆటిజం పిల్లలు మన కుటుంబాల్లోనూ ఉన్నారు.

ఇప్పుడు రామా క్యాంపులన్నింటిలో అలాంటి పిల్లలకు చోటుంది. వయసు పెరిగిన తిక్వా యువతీయువకులకు వంటశాలలో, దుకాణంలో, అతిథిగృహంలో పని నేర్పే ఏర్పాట్లు కొన్నిచోట్ల ఉన్నాయి. ఒకప్పుడు జోడీ చెయ్యి పట్టుకుని భోజనశాలకు వెళ్ళిన వాళ్ళలో కొందరు ఇప్పుడు సిబ్బందిగా జీతం తీసుకుంటూ అక్కడే వడ్డిస్తున్నారు.