కార్తె నుంచి కాలువ దాకా

పనిలో కాలాన్ని సర్దుకోవడమంతా మనిషి పట్టుదలలోనే ఉందని ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్న మాట. గోదావరి డెల్టా సేద్యం చరిత్ర దాన్ని పూర్తిగా ఒప్పుకోనివ్వదు. గోదావరిపై ఆనకట్ట రాకముందు ఇక్కడి రైతుకు పంచాంగమే పనుల పట్టిక. ఏడాదిని 27 కార్తెలుగా, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులుగా లెక్కపెట్టుకుని, రోహిణి వెళ్లి మృగశిర వచ్చేసరికి తొలకరికి సిద్ధంగా ఉండేవాడు. ఇంతకంటే క్రమశిక్షణ ఏముంటుంది? అయినా 1821లో సుమారు 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా, కరువులూ ఉప్పెనలూ దాటి 1841కి వచ్చేసరికి 5.61 లక్షలకు పడిపోయింది. లోపం రైతు వేళ పాటించడంలో లేదు, నీటికి వేళ లేకపోవడంలో ఉంది.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఆ వేళ లాకుల దగ్గరికి వచ్చింది. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీయడం, జూన్‌లో సార్వాకు (ఖరీఫ్‌కు) నీళ్లు వదలడం, దాళ్వాలో (రబీలో) నీరు చాలకపోతే వంతులు వేయడం రైతు దినచర్యనే మార్చేశాయి. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ వరి రకానికి దాదాపు 150 రోజులు కావాలి. జూన్ 1న నారు పోస్తే అక్టోబరు చివరికి కోత, జులై 1న పోస్తే నవంబరు చివరికి. ఈ డెల్టాలోని కోనసీమను కూల్చిన తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. నారు పోతలో ఆ ఒక్క నెల తేడాయే ఇక్కడ పంటకూ అప్పుకూ మధ్య గీత.

ఇదంతా బద్ధకానికి సాకని, 120 రోజుల కాటన్‌దొర సన్నాలు వేసుకోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. రకం ఎంచుకోవడం, విత్తనం ముందే సిద్ధం చేసుకోవడం నిజంగా రైతు చేతిలోవే. కానీ పల్లపు చేలో ముంపు నిలిస్తే ఏ రకం నారైనా కుళ్లుతుంది. ముంపు నీటిని బయటికి లాగే మురుగు కాలువ ఒక్కడు తవ్వుకోగలిగింది కాదు. 1997 నాటి రాష్ట్ర చట్టం రైతుల నీటి సంఘాలను ఏర్పరచింది ఈ ఎరుకతోనే. 2022లో జూన్ 1నే డెల్టాకు నీళ్లు వదిలారు; తుపానుల లోపు కోతలు ముగియాలన్నది ఉద్దేశం. అదే నెలలో కోనసీమ రైతులు కొందరు పంట విరామం, అంటే ఆ సార్వాకు సాగు చేయబోమని అన్నారు. ధాన్యం బకాయిలతో పాటు మురుగు కాలువల పూడిక కూడా వాళ్ల ఫిర్యాదుల్లో ఉంది. నీళ్లు వదిలే తేదీని ముందుగా ప్రకటించినట్టే, పూడికా గుర్రపుడెక్కా తీసే తేదీని కూడా ప్రకటించి, శివారు చేల దాకా మే నెలలోనే ఆ పని ముగించాలి.