మార్గరెట్ రాసిన స్వరాలు

మదనపల్లె అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టమోటా మార్కెట్టు. పుంగనూరంటే పొట్టి ఆవు. కుప్పమంటే మూడు రాష్ట్రాల పొలిమేర. ఈ మూడు ఊళ్ల బడుల్లోనూ పొద్దున్నే పిల్లలు నిలబడి పాడే జనగణమనకు మదనపల్లెతో ఒక చుట్టరికముంది. ఆ చుట్టరికాన్ని మనవాళ్లు కాస్త పెంచే చెబుతారు. దాన్ని కలిపిన మనిషి పేరు మాత్రం మరిచిపోతారు.

రవీంద్రనాథ్ ఠాగూర్ పాటలు రెండు వేలకు పైమాటే. మాట ఆయనదే, బాణీ ఆయనదే, పాడేదీ ఆయనే. మన లెక్కలో నిఖార్సయిన వాగ్గేయకారుడు. అన్ని పాటల్లో మేలైనవి ఏవంటే ఒక్కో బెంగాలీ ఇంట్లో ఒక్కో జాబితా చెబుతారు. వాన పాటలని ఒకరంటే, పూజ పాటలని ఇంకొకరంటారు. మదనపల్లె వాళ్లకు ఆ పంచాయితీ లేదు, వాళ్ల పాట ఒక్కటే.

ఠాగూర్ పాటకు పియానో కొత్త కాదు. కలకత్తా జొరాసాంకో ఇంట్లో అన్న జ్యోతిరింద్రనాథ్ పియానో ముందు కూర్చుని బాణీలు కడుతుంటే, కుర్రవాడైన రవి పక్కనుండి మాటలు పొదిగేవాడు. ఇంగ్లండు వెళ్లొచ్చాక 1881లో రాసిన ‘వాల్మీకి ప్రతిభ’ గేయనాటకంలో ఐరిష్ బాణీలు కూడా వాడుకున్నాడు. ఒక లోపమూ ఉండేది. తాను కట్టిన బాణీ తానే మరిచిపోయేవాడు! అన్న మనవడు దినేంద్రనాథ్ వెంటవెంటనే స్వరలిపి రాసిపెట్టకపోతే ఎన్నో పాటలు గాలికి పోయేవి.

ఇక మదనపల్లె కథ. 1915లో అనీబిసెంట్ పిలుపు మీద ఐర్లాండు నుంచి ఒక జంట మద్రాసు వచ్చింది. జేమ్స్ కజిన్స్ కవి, డబ్లిన్‌లో యేట్స్ బృందంతో తిరిగినవాడు. భార్య మార్గరెట్ పియానో విద్వాంసురాలు, 1902లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లాండు నుంచి సంగీతంలో పట్టా పుచ్చుకుంది. ఆడవాళ్లకు ఓటు కావాలని పోరాడి రెండుసార్లు జైలుకూ వెళ్లింది. జేమ్స్‌కు బిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో ఉద్యోగం దొరికింది, ఎక్కువకాలం నిలవలేదు. 1916లో ఐర్లాండులో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు. హోమ్‌రూల్ నాయకురాలైన బిసెంట్‌కు కూడా అది మింగుడు పడలేదు, సాగనంపింది. అలా మదనపల్లె కాలేజీకి వచ్చి పడ్డాడు. ఆ వ్యాసం రాయకపోయి ఉంటే మన పాట ఈ దారిన నడిచేదే కాదు.

1919 ఫిబ్రవరి నెలాఖరు. దక్షిణాది పర్యటనలో అలసిన ఠాగూర్ కజిన్స్ దంపతుల దగ్గర విశ్రాంతికి మదనపల్లె వచ్చాడు. అప్పటికింకా ‘సర్’ రవీంద్రనాథే. జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆ బిరుదును వదిలేయడానికి మూడు నెలల వ్యవధి ఉంది. కాలేజీలో బుధవారం రాత్రి భోజనాలయ్యాక పిల్లలూ మేష్టర్లూ కూర్చుని పాడుకునేవారు. ఆ రాత్రి ఠాగూర్ కూడా వచ్చి కూర్చుని, తనదొక పాట వినిపిస్తానన్నాడు. అంతటి భారీ మనిషి గొంతు అంత సన్నగా ఉండటం జేమ్స్‌కు వింతగా తోచిందట. మొదట్లో నదులూ కొండలూ రాష్ట్రాల పేర్లతో అదేదో భూగోళ పాఠంలా అనిపించిందని ఆయనే రాసుకున్నాడు. చివర జయజయధ్వానాలు వచ్చేసరికి గదిలో అందరూ గొంతు కలిపారు. మళ్లీ మళ్లీ పాడించుకున్నారు.

పాటకు అర్థం కావాలని అడిగితే ఠాగూర్ ఇంగ్లిషులో రాసిచ్చాడు. ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టాడు. స్వదస్తూరీతో ఉన్న ఆ ప్రతి మీద తేదీ 1919 ఫిబ్రవరి 28, శుక్రవారం.

మార్గరెట్ బాణీ పట్టుకుంది. ఠాగూర్‌తో సరిచూసుకుంటూ, ఆయన సరేనన్నాకే పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాసింది. ఇదేం పెద్ద పని అనుకోవద్దు. మన పాట పాడేవాడి ఊపిరిని బట్టి సాగుతుంది, ఆగుతుంది. దాన్ని పాశ్చాత్య స్వరలిపిలోని ఐదు గీతల మీదికి ఎక్కించాలంటే ఏ స్వరం ఎంతసేపు నిలవాలో తేల్చి చెప్పాల్సిందే. కలిసొచ్చిందొకటుంది. ఈ బాణీ బిలావల్ ఛాయలో నడుస్తుంది. బిలావల్, మన శంకరాభరణం, పియానో వాళ్ల మేజర్ స్కేలు మూడింటివీ అవే స్వరస్థానాలు. అందుకే నల్లమెట్ల జోలికి పెద్దగా పోకుండా తెల్లమెట్ల మీదే దాన్ని వాయించేయొచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జనగణమన మదనపల్లెలో పుట్టిందనడం తప్పు. అది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే పాడిన పాట. బాణీ మార్గరెట్ కట్టిందనడమూ తప్పే, అది ఠాగూర్‌దే. మదనపల్లెలో జరిగింది అనువాదం, స్వరలిపి. ఆ రెండూ తక్కువవి కావు. ఊరి పరువు కోసం ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని ఎత్తుకోవడం దేనికి?

జేమ్స్‌కు భూగోళ పాఠంలా తోచిన ఆ పాటలో ‘ద్రావిడ’ అన్న మాట ఒకటుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినబడే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. ఠాగూర్ ఒక్క మాటలో సర్దేసిన దానికి అక్కడ ఒక యూనివర్సిటీయే కావాల్సి వచ్చింది.

మార్గరెట్ పాటతో ఆగిపోలేదు. 1922లో ఈ దేశంలో తొలి మహిళా మేజిస్ట్రేటు అయింది. 1927లో అఖిల భారత మహిళా సభకు ఊపిరి పోసింది. 1932లో వేలూరు జైలులో గడిపింది. పాశ్చాత్య, ప్రాచ్య సంగీతాల మీద పుస్తకం రాసింది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో జనగణమనను జాతీయగీతంగా ప్రకటించేనాటికి ఆమె పక్షవాతంతో మంచంలో ఉంది. మద్రాసు ప్రభుత్వం, ఆ తర్వాత నెహ్రూ పంపిన డబ్బు ఆమెకు ఆసరా అయింది. 1954 మార్చి 11న కన్నుమూసింది. జేమ్స్ ఇంకో రెండేళ్లు బతికి, 1956లో మదనపల్లెలోనే పోయాడు.