రెండో టీచర్ లేని బడి: మైలవరం ప్రాంత ఉపాధ్యాయుల భావోద్వేగ క్షేమంపై ఒక పరిశీలన

ఉపాధ్యాయుల భావోద్వేగ క్షేమం మీద మన విశ్వవిద్యాలయాల్లో ఏ పరిశోధన మొదలైనా 2009లో పాట్రీషియా జెన్నింగ్స్, మార్క్ గ్రీన్‌బర్గ్ రాసిన వ్యాసానికి దణ్ణం పెట్టాకే ముందుకు కదులుతోంది. టీచరు తన ఉద్వేగాలను తెలుసుకుని అదుపులో ఉంచుకుంటే పిల్లలతో అనుబంధం బలపడుతుంది, తరగతి కుదుటపడుతుంది, టీచరుకూ అలసట తగ్గుతుంది అన్నది వారి వాదన. ఇందులో నాకు పేచీ ఒక్కచోటే. తోటి ఉపాధ్యాయులు, బడి పరిస్థితులు, పైఅధికారులు అందరినీ ‘సందర్భం’ అన్న ఒక్క పెట్టెలో సర్దేసి, బరువంతా ఒంటరి టీచరు నెత్తిన పెట్టారు. 2019లో వచ్చిన ‘నిష్ఠ’ ఉపాధ్యాయ శిక్షణలోని వ్యక్తిగత, సామాజిక గుణాల పాఠానిదీ ఇదే ధోరణి. లోపం టీచరులో ఉందనుకుంటేనే కదా శిక్షణ అక్కడ మొదలయ్యేది!

మైలవరం, జి.కొండూరు, రెడ్డిగూడెం వైపు బడుల్లో తిరిగితే వేరే సంగతి కనబడుతుంది. ఇక్కడి టీచర్లలో చాలామంది కాపురం విజయవాడలో. తిరువూరు రోడ్డు బస్సు దిగి, బండో ఆటోనో పట్టుకుని లోపలి ఊళ్లకు వెళ్తారు. 2022 ఆగస్టులో ముఖ హాజరు యాప్ వచ్చినప్పటి నుంచి వీరి ఉదయం తీరే మారిపోయింది. తొమ్మిదికి ముందు బడి గేటు దగ్గర ఫోన్ ఎత్తి పట్టుకుని, వెలుతురు ముఖాన పడేలా తిరుగుతూ నిలబడతారు.

“మీకు పడిందా మాస్టారూ?”

“ఎక్కడ టీచర్ గారూ, ఇంకా తిరుగుతూనే ఉంది.”

ఇద్దరూ నవ్వేస్తారు. మొదటి గంట కొట్టేసరికి ఆ కంగారు సగం దిగిపోతుంది. జెన్నింగ్స్ పట్టికల్లో ఈ నవ్వుకు గడి లేదు. అదే బడిలో రెండో మనిషి లేకపోతే ఆ చిరాకు నేరుగా ఒకటో తరగతి గదిలోకి నడుస్తుంది.

రెండో మనిషిని తీసేసింది జీవో 117. 2022 జూన్‌లో వచ్చిన ఈ ఉత్తర్వుతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులు ఉన్నత పాఠశాలలకు వెళ్లిపోయాయి. ఒకటి, రెండు తరగతులతో మిగిలిన బడిలో పిల్లలు ముప్పైకి మించకపోతే ఒక్క సెకండరీ గ్రేడ్ టీచరే (ఎస్జీటీ) దిక్కు. హెచ్‌ఎం ఆయనే, గుమాస్తా ఆయనే, మధ్యాహ్న భోజనం లెక్క ఆయనదే, 2024 దాకా మరుగుదొడ్డి ఫొటో అప్‌లోడ్ చేసిందీ ఆయనే. జ్వరం వచ్చి సీఎల్ పెట్టాలన్నా చుట్టుపక్కల బడుల కాంప్లెక్స్ నుంచి ఎవరినైనా పంపిస్తే తప్ప బడికి తాళమే. 2025లో ఆ జీవో రద్దయింది గానీ ఒంటరి బడులు పోలేదు.

ఇలాంటి టీచర్లు కాంప్లెక్స్ సమావేశానికి వచ్చినప్పుడు గమనించాల్సింది ఎజెండా మొదలయ్యాక కాదు, భోజనాల వేళ. క్యారేజీ మూత తీస్తూనే మాటలు మొదలు. ఎవరి బిల్లు ఆగింది, తనిఖీలో ఎవరికి చీవాట్లు పడ్డాయి, ఏ పిల్లాడు నెలరోజులుగా రావడం లేదు, అలాంటప్పుడు ఎవరింటికి వెళ్లి ఎలా మాట్లాడాలి... నందిగామ, జగ్గయ్యపేట వైపూ ఇదే వరస. కోపాన్ని గుర్తించడం, అదుపు చేసుకోవడం, ఎదుటివారి ఇబ్బంది అర్థం చేసుకోవడం అని శిక్షణ పుస్తకాలు చెప్పే పనులన్నీ పప్పన్నం కలుపుకుంటూ జరిగిపోతాయి. జీతం కోసం ముఖాన నవ్వు పులుముకోవడమూ శ్రమేనని ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే విమాన పరిచారికలను చూపించి చెప్పింది. ఆ శ్రమ బరువు దించుకునే చోటు మన టీచర్లకు ఈ పంక్తి భోజనమే.

జెన్నింగ్స్ బృందం న్యూయార్క్‌లో 224 మంది టీచర్లతో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో ధ్యాస, భావోద్వేగ నైపుణ్యాల శిక్షణ పొందినవారికి మానసిక ఒత్తిడి కొంత తగ్గిందన్నది నిజమే.

అయినా, తోటి టీచరు లేని బడిలో భావోద్వేగ నైపుణ్యం నిలవదన్నదే నా నిర్ధారణ. మైలవరం మెట్టలో కనబడిన ఈ సంగతి రాష్ట్రంలోని మిగతా ఏకోపాధ్యాయ పాఠశాలలకూ వర్తించవచ్చు. శ్వాస మీద ధ్యాస నేర్పే మాడ్యూళ్ల కన్నా ముందు ప్రతి ఒంటరి బడికీ రెండో ఎస్జీటీ పోస్టు మంజూరు కావాలి. అది పడేదాకా కాంప్లెక్స్ సమావేశంలో భోజన విరామాన్ని గంటన్నరకు పెంచినా, ఇప్పుడిస్తున్న శిక్షణల కన్నా ఎక్కువ ఫలితమే ఉంటుంది.