రేడియోలో మనవాళ్ళు

రేడియో పెట్టె ఇంటికి రావడమంటే ఆ రోజుల్లో కొత్త పెళ్ళికూతురు వచ్చినంత హడావుడి. మా గుంటూరు ఇంటికి వచ్చింది పాత మర్ఫీ సెట్టు. డాబామీద రెండు వెదురు గడలు పాతి, మధ్యన రాగితీగ జల్లెడలాంటి ఏరియల్ కట్టారు. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కేదాకా మూగగా ఉండేది. ఈలోగా వాకిలి నిండేది. ఏటేటా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలి. రేడియోకి లైసెన్సేమిటని మా మనవలు నవ్వుతారు గాని, 1980ల దాకా ఉన్న మాటే.

మా దాదాకి మాత్రం ఇది గిట్టలేదు. "ఈ పాటల పెట్టె మన ఇంట్లో ఎందుకురా?" అని నాన్నతో తగువు.

తెలుగువారికి ఆలిండియా రేడియో మొదట మద్రాసు నుంచి పలికింది, 1938 జూన్ 16 మొదలు. హైదరాబాదులో దక్కన్ రేడియో అంతకు ముందే ఉర్దూలో వినిపించేది. మన జిల్లాకి దగ్గరి గొంతు అంటే బెజవాడ కేంద్రమే. 1948 డిసెంబరు 1న మొదలైంది. కృష్ణ దాటితే స్టేషను! ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన జగ్గయ్యగారు కూడా తెనాలి దగ్గర మోరంపూడి వారే. సినిమాలు ఆ తరవాత.

ఒకనాటి పొద్దున మంగళవాద్యం వేళ "షేక్ చినమౌలానా, నాదస్వరం" అని వినబడింది. వజూ చేసుకుని వస్తున్న దాదా ఆగిపోయి, "ఎవరూ?" అన్నారు. "కరవది సాయెబుగారు అబ్బా, ఒంగోలు పక్కన" అన్నారు నాన్న. అప్పటికి ఒంగోలు మన జిల్లాలోదే, 1970లో గదా విడిపోయింది. చినమౌలానాగారు 1924లో కరవదిలో పుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ పట్టి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. దాదా ఆ రోజు మెచ్చుకున్నారని చెప్పను. తగువు మాత్రం మానేశారు, కుర్చీ కూడా పెట్టె దగ్గరికి జరిగింది.

ఇక బుర్రకథ నాజర్! తాడికొండ పక్కన పొన్నెకల్లు ఆయన ఊరు. పల్నాటి యుద్ధం ఎత్తుకుంటే బజారు బజారంతా రేడియో ముందే. మన పత్తి సీమలో దూదేకే ఇంటి పిల్లవాణ్ణి ఏ మాటతో చిన్నబుచ్చేవారో మనకందరికీ తెలుసు. ఆయన జీవితకథ పుస్తకానికి ఆ మాటే పేరు: 'పింజారి'. 1986లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. 1997లో కాలం చేశారు. బడిలో నన్ను ఆ మాట అన్న కుర్రాడే, కథ వచ్చే రాత్రి మా వాకిట్లో చాప మీద కూర్చుని తందాన పలికేవాడు. నేను కాస్త జరిగి చోటిచ్చేవాణ్ణి.

టీవీ సంగతి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాదులో 1977 అక్టోబరు 23న దూరదర్శన్ మొదలైంది. మనదాకా ఆ బొమ్మ అందలేదు. 1983లో ఇన్సాట్-1బి ఎగిరాక, మరుసటేడు దేశమంతటా రిలే స్తంభాలు లేచాయి. మా వీధిలో మొదటి టీవీ ఇంటి ముందు ఆదివారం చెప్పుల గుట్ట. గాలికి యాంటెన్నా తిరిగితే ఒకడు డాబా ఎక్కి "వచ్చిందా?" అని అరవాలి.

మన రెండు జిల్లాల సాయెబు విద్వాంసులలో బెజవాడ స్టేషను మెట్లెక్కినవారు ఇంకా ఉన్నారు. వారి పాత కాంట్రాక్టు కాగితాలు, క్యాసెట్లు మీ ట్రంకు పెట్టెల్లో ఉంటే పారేయకండి, ఒకసారి నాకు చూపించండి. మా మర్ఫీ సెట్టు అటకమీద అలాగే ఉంది. వాల్వులే దొరకడంలేదు.